హైదరాబాదు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు: దూరమెంత? సమయమెంత?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరడానికి కారణముంది. ఒకప్పుడు మన సంఘ సమావేశంలో నలుగురు చేరితే డి.ఎ. బకాయిల మాట, కమ్యుటేషన్ మాట వచ్చేది. ఇప్పుడు అవి ముగిసీ ముగియకముందే "మీరెప్పుడు బయలుదేరుతున్నారు? ఏ దారిన?" అనే మాట వస్తోంది. అమ్మాయి పురుడనో, అబ్బాయి గృహప్రవేశమనో మనలో చాలామంది అమెరికా వెళ్ళి వస్తున్నారు. వెళ్ళేవారంతా అడిగేది ఒకటే. "దూరం పదమూడున్నర వేల కిలోమీటర్లంటారు. విమానం గంటకు తొమ్మిది వందలు పోతుందంటారు. అంటే పదిహేను గంటలు కావాలి గదా! ట్రావెల్ ఏజెంటు ఇరవైరెండు గంటలంటాడేమిటి?"

నేను విమానాల శాఖవాడిని కాను. ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో షెడ్యూళ్ళు కట్టి రిటైరైనవాడిని. అయినా ఈ ప్రశ్నకు జవాబు మన డిపోలోనే ఉంది. షెడ్యూలు కట్టేటప్పుడు కిలోమీటర్లు ఒక కాలంలో, రన్నింగ్ టైము వేరే కాలంలో రాసేవాళ్ళం. కిలోమీటర్లను చూసి రన్నింగ్ టైము వేసిన వాడెవడూ లేడు. తిరుమల ఘాటు ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు, దానికి ఇచ్చే టైము హైవే మీద ఇరవై కిలోమీటర్లకు ఇస్తామా? శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తే ఉదయం ఆరు దాకా తెరవరు. తొమ్మిదీ పదికి చేరిన వాడికి మిగిలిన దూరం ఎన్ని కిలోమీటర్లయితే ఏం లాభం? విమానాలకూ ఘాట్లున్నాయి, చెక్‌పోస్టులున్నాయి. అదనంగా గాలి ఉంది. ఆ మూడింటినీ చెప్పి, తరువాత మనకు అసలు పనికివచ్చే లెక్కకు వస్తాను.

ముందు దూరం. మనందరికీ బడిలో గోడకు తగిలించిన ప్రపంచపటం గుర్తుంది. దాని మీద హైదరాబాదు నుండి తూర్పుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే బర్మా, దక్షిణ చైనా మీదుగా పసిఫిక్ మహాసముద్రం దాటి పోతుంది. ఆ గీత వెంట నిజంగా వెళితే దాదాపు 15,750 కి.మీ. అవుతుంది. కాని భూమి గుండ్రంగా ఉంది, కాగితం బల్లపరుపుగా ఉంది. అందుకని పటం కాక గ్లోబు తీసుకోవాలి. నేను ఇక్కడికి తెచ్చిన గ్లోబు అడ్డకొలత 30 సెంటీమీటర్లు. హైదరాబాదు మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద బిగించి లాగండి. దారం తూర్పుకు పోదు. ఉత్తరానికి, కాస్త తూర్పుగా పోతుంది. నేపాల్, టిబెట్, మంగోలియా పడమటి కొస, సైబీరియా దాటి ఉత్తర ధ్రువ ప్రాంతపు సముద్రం అంచును తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. దారం పొడవు 32 సెంటీమీటర్లు. ఈ గ్లోబు మీద సెంటీమీటరంటే సుమారు 425 కి.మీ. హెచ్చవేస్తే 13,600. కచ్చితంగా లెక్కకట్టినా సుమారు 13,540 వస్తుంది. దారంతో కొలిచినదానికి ఆ తేడా క్షమించదగినదే. గోడపటం గీతకన్నా రెండువేల కిలోమీటర్లకు పైగా దగ్గర దారి అన్నమాట.

ఈ దారం కొన్ని చిత్రాలు చూపిస్తుంది. న్యూయార్కుకూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ మధ్య నాలుగువేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకటి అమెరికాకు తూర్పు కొస, ఒకటి పడమటి కొస. కాని మన హైదరాబాదు నుండి న్యూయార్కు సుమారు 12,970, శాన్‌ఫ్రాన్సిస్కో 13,540. తేడా ఆరువందలు కూడా లేదు! పైనుండి దిగుతున్నాం గనుక అలా అవుతుంది. మరో చిత్రం, మనవాళ్ళు ఎక్కువగా ఉన్న డల్లాసు. "మావాడు డల్లాసులోనే గదా, కాలిఫోర్నియా అంత దూరం కాదు" అని ఒక సభ్యులు ఊరట చెందుతూ ఉంటారు. వారు మన్నించాలి, డల్లాసు 14,400 కి.మీ. మూడింటిలోకీ అదే దూరం.

ఇక విమానం ఆ దారం వెంటే పోతుందా అంటే పోదు. ఇక్కడే ఘాటు వస్తుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్లు. విమానం దానికన్నా ఎంతో పైన, పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది గదా, దానికేమిటి అడ్డమంటారేమో. విమానం లోపల గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే ప్రయాణికులకు ఇచ్చే ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. అందుకని పైలట్ వెంటనే పదివేల అడుగులకు, అంటే మూడువేల మీటర్లకు దించాలి. కింద నేలే నాలుగున్నర వేల మీటర్లుంటే ఎక్కడికి దించుతాడు? ఆ కారణంగా విమానాలు సాధ్యమైనంతవరకు టిబెట్‌ను చుట్టి పోతాయి.

రెండోది చెక్‌పోస్టు. ఆకాశానికి కూడా హద్దులున్నాయి. 2019 ఫిబ్రవరి చివరలో పాకిస్తాన్ తన గగనతలం మూసివేసి జూలై 16న గాని తెరవలేదు. ఆ నాలుగున్నర నెలల్లో చుట్టూ తిరిగినందుకు ఒక్క ఎయిర్ ఇండియాకే జూలై 2 నాటికి 491 కోట్లు నష్టమని మంత్రిగారు రాజ్యసభలో చెప్పారు. 2025 ఏప్రిల్ 24న మన విమానాలకు మళ్ళీ మూశారు. అప్పుడు ఢిల్లీ నుండి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగవలసి వచ్చింది. అదే ఏడు సెప్టెంబరు 1 నుండి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఎయిర్ ఇండియా నిలిపివేసినప్పుడు చెప్పిన కారణాలలో ఇదొకటి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, ఐరోపా కంపెనీలకు మూతపడింది, మన కంపెనీలకు పడలేదు. కనుక ఒకే రెండు ఊళ్ళ మధ్య ఒక కంపెనీ విమానానికి ఉన్న దారి ఇంకో కంపెనీకి ఉండకపోవచ్చు. 2025 జూన్ 23 సాయంత్రం ఖతార్ తన ఆకాశాన్ని కొన్ని గంటలు మూసేసినప్పుడు దోహా మీదుగా వెళ్తున్నవారు ఎక్కడివారక్కడ చిక్కుకున్నారు. మూసింది కొన్ని గంటలే, సర్దుకోవడానికి పట్టినది మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. బంద్ రోజు సాయంత్రం బస్సులు వదిలిన మనకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మూడోది గాలి. దీని మీద మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతోంది గదా, విమానం పైకి లేచి కాస్సేపు నిలబడితే అమెరికాయే కిందికి వస్తుంది గదా అని. రాదండీ. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది. బేగంపేటలో హెలికాప్టరు గాల్లో ఆగితే కింద బేగంపేటే ఉంటుంది, వికారాబాదు వచ్చి నిలబడదు. కాని పది కిలోమీటర్ల ఎత్తున, సమశీతోష్ణ ప్రాంతాలలో పడమటి నుండి తూర్పుకు ఒక గాలి ఏరులా ప్రవహిస్తూ ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు నూరు, రెండువందల కిలోమీటర్ల వేగం మామూలు. శీతాకాలంలో మూడువందలు దాటడమూ ఉంది. ఏటి వాలున పోయే పడవకూ, ఎదురీదే పడవకూ ఉన్న తేడాయే ఇక్కడానూ. లండన్ నుండి న్యూయార్కుకు పోయేటప్పుడు ఎనిమిది గంటలు పడితే, తిరిగి వచ్చేటప్పుడు ఏడే. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనుక నుండి తోయగా ఒక విమానం న్యూయార్కు నుండి లండన్‌కు అయిదు గంటల లోపే చేరింది.

మన ఎయిర్ ఇండియా చేసిన పని ఇంకా బాగుంది. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు మొదట పడమటి వైపు, అట్లాంటిక్ మీదుగా నడిపేవారు. ఆ దారి సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పు వైపు, పసిఫిక్ మీదుగా నడిపారు. అది 15,300 కి.మీ. అంటే 1,400 కి.మీ. ఎక్కువ. కాని విమానం పద్నాలుగున్నర గంటలలో చేరింది, పాత దారికన్నా సుమారు రెండు గంటలు ముందుగా! దూరం పెరిగి సమయం తగ్గింది. నా సర్వీసులో ఏ మేనేజరుగారి ముందైనా ఇలాంటి ప్రతిపాదన పెట్టి ఉంటే ఫైలు నా మొహాన కొట్టేవారు. మన దారుల మీద గాలి బస్సును తోయదు మరి.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. 2021 జనవరిలో హైదరాబాదు నుండి చికాగోకు నేరుగా ఒక సర్వీసు మొదలైంది గాని అది నిలువలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాలంటే ఎక్కడో ఒకచోట మారవలసిందే. మారే ఊరును బట్టి మొత్తం దూరం ఎలా మారుతుందో చూడండి. ఢిల్లీలో మారితే 13,650, హాంకాంగ్‌లో 14,860, దుబాయిలో 15,570, లండన్‌లో 16,370, సింగపూర్‌లో 16,900. ఇవన్నీ దారం లెక్కలే, విమానం నడిచేది ఇంకొంచెం ఎక్కువే. ఢిల్లీ దారిని చూశారా? తిన్నగా పోయే దానికన్నా నూరు కిలోమీటర్లే ఎక్కువ. దారం ఎలాగూ ఉత్తరానికే పోతోంది, ఢిల్లీ ఆ పక్కనే ఉంది. దుబాయి అయితే ముందు పడమరకు రెండున్నర వేలు పోయి, అక్కడి నుండి మళ్ళీ ఉత్తరం పట్టాలి. అయినా దుబాయి దారిన వెళ్ళిన దంపతులు ఢిల్లీ దారిన వెళ్ళినవారికన్నా ముందు చేరవచ్చు. మారే చోట ఎంతసేపు కూర్చోబెడతారన్నదే ముఖ్యం. రెండువేల కిలోమీటర్ల తేడా అంటే రెండుంబావు గంటలు. ఢిల్లీలో ఏడు గంటలు కూర్చుంటే ఆ లాభమంతా బెంచీ మీదే కరిగిపోతుంది.

అందుకని టికెట్టు కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని అడగకండి. మొత్తం ఎన్ని గంటలు, మధ్యలో ఎన్ని గంటలు అని అడగండి. మధ్య సమయం తక్కువైతే మంచిదని అనుకోవద్దు. ఒక గంటా పావులో మోకాళ్ళ నొప్పులున్నవారు, పెద్ద విమానాశ్రయంలో మళ్ళీ తనిఖీ దాటి రెండో గేటు చేరడం కష్టం. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే రెండోది వెళ్ళిపోతుంది. మూడు గంటలు నా దృష్టిలో మన వయసుకు సరైన వ్యవధి. వీల్‌చైరు కావాలని టికెట్టు కొన్నప్పుడే రాయించండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంకొకటి: అమెరికాలో మీరు మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది, పెట్టెలు కూడా అక్కడే తీసుకొని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. కనుక అమెరికాలో రెండో విమానం మారేవారికి మూడు గంటలు కూడా చాలకపోవచ్చు.

గడియారం లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. మన దేశపు కాలం 82½ డిగ్రీల రేఖాంశం మీద ఆధారపడింది, ఆ రేఖ మన కాకినాడ పక్కగానే పోతుంది. కాలిఫోర్నియా మనకన్నా వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతాకాలంలో పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో ఒక టికెట్టు మీద హైదరాబాదులో సోమవారం ఉదయం 4 గంటలకు బయలుదేరి, సోమవారం మధ్యాహ్నం 1 గంటకు చేరుతుందని ఉందనుకోండి. చూడడానికి తొమ్మిది గంటలే. దానికి పన్నెండున్నర కలపాలి, ఇరవై ఒకటిన్నర. తిరుగు టికెట్టు మీద సోమవారం సాయంత్రం 4కు బయలుదేరి బుధవారం తెల్లవారుజామున 2.30కు దిగుతుందని ఉంటే, చూడడానికి ముప్పైనాలుగున్నర. పన్నెండున్నర తీసేస్తే ఇరవైరెండు. వెళ్ళేటప్పుడు కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. ఇంతే.

ఈ లెక్క ఎందుకు అంత అవసరమో చెప్పడానికి కొంచెం సంకోచిస్తున్నాను. సంబరాల రోజున ఈ మాటేమిటని అనుకోవద్దు. మన ఇళ్ళలో ఎవరైనా పోయినప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న "అబ్బాయి ఎప్పటికి వస్తాడు?" అన్నదే. ఫ్రీజరు పెట్టె తెప్పించాలా వద్దా, బంధువులకు ఏ రోజని చెప్పాలి, అన్నీ ఆ జవాబు మీదే ఉన్నాయి. ఆ ఏడుపుల్లో ఎవరో ఒక మేనల్లుడు "పదిహేను గంటల ప్రయాణమే గదా, రేపు సాయంత్రానికి ఉంటాడు" అనేస్తాడు. ఊరంతా ఆ మాటే పట్టుకుంటుంది. లెక్క ఇలా ఉంటుంది. శనివారం ఉదయం ఆరు గంటలకు ఇక్కడ కబురు తెలిసింది. వేసవిలో అక్కడ శుక్రవారం సాయంత్రం అయిదున్నర. ఆ రాత్రి పదింటి విమానానికి సీటు దొరికితే ఇరవైరెండు గంటల ప్రయాణానికి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు శంషాబాద్‌లో దిగుతాడు. పెట్టెలు, ఇమిగ్రేషన్ ఒక గంట. ఇల్లు ఖమ్మంలో అయితే కారులో మరో నాలుగు గంటలు. అంటే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ రాత్రి సీటు దొరకక మరునాటి సాయంత్రం నాలుగింటి విమానం ఎక్కితే ఇల్లు చేరేది సోమవారం ఉదయం ఏడున్నరకు. దహనం ఆదివారం పొద్దున్న పెట్టుకుంటే రెండు విధాలా అందుకోలేడు. అతను గాలిలో ఉన్న ఆ ఇరవై గంటల పైచిలుకు ఫోనులో మాట్లాడి ఓదార్చడం కూడా చాలాసార్లు కుదరదు. ఈ లెక్క ముందే ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉంటే, వచ్చేదాకా ఆగాలా, ఆగకుండా కానిచ్చెయ్యాలా అన్నది ఆ కుటుంబం తెలిసి తీసుకున్న నిర్ణయమవుతుంది. నేను మా ఇంట్లో రెండోదే చెప్పి ఉంచాను. ఆగవద్దని. అది ఎవరిష్టం వారిది.

సరే, ప్రయాణం మాటకు వస్తాను. బిళ్ళలు. షుగరు, బి.పి. మందులు పెద్ద పెట్టెలో పెట్టి పంపవద్దు, చేతి సంచిలోనే ఉండాలి. ప్రయాణానికి సరిపడా అని కాదు, కనీసం నాలుగు రోజులకు, డాక్టరుగారి చీటీతో సహా. అతిజాగ్రత్త అనుకునేవారికి 2023 జూన్ సంగతి చెబుతాను. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న ఎయిర్ ఇండియా విమానం ఒక ఇంజనులో లోపం వచ్చి రష్యా తూర్పు కొసనున్న మగదాన్ అనే ఊళ్ళో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఆ చిన్న ఊళ్ళో హోటళ్ళు చాలక చాలామందిని తాత్కాలిక వసతుల్లో ఉంచారు. మన దేశం నుండి ఇంకో విమానం వెళ్ళి వాళ్ళను తీసుకుపోయేసరికి రెండో రోజు గడిచింది. అందరూ క్షేమంగానే చేరారు. ఆ రెండు రోజులూ బిళ్ళలు చేతిలో ఉన్నవాళ్ళకు ఒక బెంగ తగ్గి ఉంటుంది.

మందు వేసుకునే వేళ మారడం ఇంకో చిక్కు. ఇక్కడి రాత్రి అక్కడి పగలు. ఇన్సులిన్ తీసుకునేవారు బయలుదేరే ముందు డాక్టరుగారి చేత గంటల లెక్కన కాగితం రాయించుకోవాలి, సొంత వైద్యం వద్దు. ప్రయాణంలో ఉన్నంతసేపు చేతి గడియారాన్ని మన టైములోనే ఉంచడం నాకు బాగా పనికివచ్చింది. సెల్‌ఫోను దానంతటదే మారిపోతుంది, గడియారం మన మాట వింటుంది.

విమానం లోపలి గాలి నేల మీది గాలిలా ఉండదు. ఆరు నుండి ఎనిమిదివేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంచుతారు, అంటే దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. చలి ఊటీదే గాని తేమ మాత్రం ఉండదు. నీళ్ళు తాగుతూ ఉండాలి. బాత్‌రూముకు లేవవలసి వస్తుందని మన ఆడవాళ్ళు నీళ్ళు మానేస్తారు, అది తప్పు. లేవడమే కావాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ళ సిరల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. రెండు గంటలకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. సీటు నడవ పక్కది అడగండి. కిటికీలోంచి కనబడేది చాలావరకు మబ్బులే.

సమయం మించుతున్నదని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. గ్లోబు, దారం, స్కేలు ఈ బల్ల మీదే ఉంచుతున్నాను. టీ వేళ ఎవరి పిల్లలున్న ఊరికి వారు దారం పట్టుకొని చూసుకోవచ్చు. సెంటీమీటరుకు 425 చొప్పున వేయండి. టికెట్లు తెచ్చుకున్నవారు నాకు చూపిస్తే మొత్తం గంటలు కట్టి ఇస్తాను. దారం మాత్రం ఎవరూ పట్టుకుపోవద్దు, మా ఆవిడ దండ కట్టుకునే దారం అది.